శంషాబాద్ విమానాశ్రయంల మన వాటా ఎంత?

(విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సభల చేసిన ప్రసంగ పాఠం)



శంషాబాద్ ఎయిర్‌పోర్టు మీద మాట్లాడమన్నరు. పత్రికల పనిచేసేటోన్ని కాబట్టి అక్కడికి చానసార్లు పోయిన. మంత్రులు దిగేటప్పుడు నోట్‌బుక్ పట్టుకొని ఉరికిన, ఢిల్లీ పోయే నాయకుల వెనుక ఉరికిన. కాని మొదటిసారి పోయింది వార్త కోసం కాదు, విమానం ఎక్కడానికి అంతకంటే కాదు. ఒక శవపేటిక తెచ్చుకోవడానికి.

ఉద్యమం నడుస్తున్న రోజులు. నేను హైదరాబాద్‌ల చదువుకుంటున్న. జగిత్యాల దిక్కు మా ఊరు. మా వాడకట్టుకే చెందిన ఒక అన్న సౌదీల పనికి పోయి అక్కడే చనిపోయిండు. శవం రావడానికి నెల దాటింది. వాళ్ల నాయన నాకు వరుసకు పెదనాయన. ఆయనకు చదువు రాదు. "నువ్వు పట్నంల ఉంటున్నవు గద బిడ్డా, జర తోడు రా" అని ఫోన్ చేయించిండు. ఊరి నుంచి ఒక జీపుల నలుగురొచ్చిన్రు. నేను ఆరాంఘర్ దగ్గర ఎక్కిన. రాత్రి రెండు గంటలకు అందరం పోయి గాజు మేడ ముందట నిలబడ్డం.

అక్కడున్న సెక్యూరిటీ పిలగాడు మమ్ముల చూడంగనే సమజ్ చేసుకున్నడు. "ఇక్కడ కాదన్నా, కార్గో దిక్కు పోవాలె" అన్నడు. మర్యాదగనే అన్నడు, అబద్ధమెందుకు. మనిషి ప్రాణంతోని వస్తే ముందటి దర్వాజ నుంచి వస్తడు. ప్రాణం లేకుంట వస్తే సామాన్లు దిగే గేటు నుంచి వస్తడు. అక్కడి కాయితంల ఆయన పేరుతో పాటు బరువు కూడ కిలోలల్ల రాసి ఉన్నది. ఎంబసీ ఇచ్చిన కాయితం, రద్దు చేసిన పాస్‌పోర్టు, మరణ ధృవీకరణ పత్రం, శవం చెడిపోకుంట మందులు పెట్టినట్టు ఇంకో సర్టిఫికెట్. ఒక్కొక్కటి చూపిచ్చుకుంట, సంతకాలు పెట్టుకుంట తెల్లారింది.

ఆ రాత్రి కార్గో గేటు కాడ గోడకు ఒరిగి కూసున్న పెదనాయన, దూరం దాక వెలుగుతున్న లైట్లు చూసుకుంట ఒక మాట అడిగిండు: "ఇంత జాగ ఎవలది బిడ్డా?"

సర్కారుది పెదనాయనా, అన్న నేను. డిగ్రీ చదివినోన్ని, ఉద్యమంల తిరిగేటోన్ని, నాకు తెల్వనిదేమున్నదన్నట్టు చెప్పిన. తర్వాత పత్రికల చేరి కాయితాలు చదువుడు మొదలుపెట్టినంక, నేను చెప్పింది సగమే నిజమని తెలిసింది. ఇయ్యాల మీ ముందట ఆ మిగిలిన సగం చెప్తా.

విమానం హైదరాబాద్‌కు కొత్తగాదు. బేగంపేటల విమానాలు దిగుడు నిజాం కాలంలనే మొదలైంది. హైదరాబాద్ స్టేట్‌కు సొంత విమాన కంపెనీ ఉండేది. దక్కన్ ఎయిర్‌వేస్ అని, నిజాం సర్కారు, టాటా వాళ్లు కలిసి పెట్టింది. 1953ల దేశంల ఉన్న విమాన కంపెనీలన్నింటిని జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ల కలిసింది. మనకు విమానం నేర్పినం అని చెప్పుకునేటోళ్లు ఎవరైనా ఉంటే ఈ ముచ్చట యాది చెయ్యున్రి.

శంషాబాద్‌కు వద్దాం. 2003ల అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సహాయ ఒప్పందం చేసుకున్నది. 2004 డిసెంబర్ 20న కేంద్ర పౌర విమానయాన శాఖ నిర్వహణ ఒప్పందం మీద సంతకం పెట్టింది. 2005 మార్చిల సోనియాగాంధీ పునాదిరాయి వేసింది. 2008 మార్చి 14న ప్రారంభోత్సవం, మార్చి 23 నుంచి విమానాలు. ఒక పార్టీ ప్రభుత్వం మొదలుపెట్టింది, ఇంకో పార్టీ ప్రభుత్వం రిబ్బన్ కత్తిరించింది. నడుమ అసెంబ్లీల వీళ్లు వాళ్లను, వాళ్లు వీళ్లను తిట్టుకున్నరు. ఒప్పందం మాత్రం చెక్కుచెదరలేదు. మూడేండ్లల్ల అంత పెద్ద కట్టడం లేపిన్రంటే పని చేతనైనోళ్లే, కాదనను. నాలుగు కిలోమీటర్లు దాటిన రన్‌వే, ఏడాదికి కోటి ఇరవై లక్షల మంది వచ్చిపోయే ఏర్పాటుతో మొదలైంది. 2023-24ల రెండున్నర కోట్ల మంది వచ్చిపోయిన్రు. మంచిగ నడుస్తున్నది. ఇక్కడ పేచీ అద్దాల గురించి, ఏసీల గురించి కాదు. పైస ఎవరిది, భూమి ఎవరిది, మాట ఎవరిది అన్నదే పేచీ.

వాటాలు వినున్రి. మొదట్ల జీఎంఆర్‌కు 63 శాతం, మలేషియా ఎయిర్‌పోర్ట్స్ కంపెనీకి 11 శాతం, కేంద్రం కింద ఉండే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం. తర్వాత మలేషియా వాళ్ల వాటా కూడ జీఎంఆరే కొన్నది. 2024 నాటికి ఆ కంపెనీది 74 శాతం అయ్యింది. రాష్ట్రం వచ్చినంక ఆ పదమూడు తెలంగాణ ప్రభుత్వం పేరు మీదికి వచ్చింది. పెదనాయనకు నేను చెప్పిన జవాబుల సర్కార్లది రెండూ కలిపితే 26.

సరే, ఎక్కువ పైసలు పెట్టినోనికి ఎక్కువ వాటా ఉంటది గదా అంటరు. లెక్క చూద్దాం. ఇక్కడ అకౌంట్స్ ఆఫీసులల్ల పనిచేసే అన్నలున్నరు, తప్పయితే ఆపున్రి. మొత్తం ఖర్చు 2,920 కోట్లు. అందుల బ్యాంకుల అప్పు 2,120 కోట్లు. వాటాదార్లందరు కలిసి పెట్టిన మూలధనం 378 కోట్లు. రాష్ట్ర ప్రభుత్వం వడ్డీ లేకుంట ఇచ్చిన అప్పు 315 కోట్లు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు, అంటే తిరిగి ఇయ్యనక్కర లేని పైస, 107 కోట్లు. కూడితే 2,920 వస్తది.

ఇప్పుడు 378ల 63 శాతమెంత? 238 కోట్లు. అది జీఎంఆర్ మూలధనం. అదే 378ల రాష్ట్రం పదమూడు శాతం 49 కోట్లు. దానికి వడ్డీ లేని అప్పు, గ్రాంటు కలుపున్రి. 471 కోట్లు. 238 పెట్టినోళ్లు యజమానులు, 471 ఇచ్చినోళ్లు పదమూడు శాతం వాటాదార్లు! అప్పు తిరిగొస్తది గదా అంటరు. వస్తది, ఏండ్లకేండ్లు వడ్డీ లేకుంట వాడుకున్నంక వస్తది. మనల ఎవరికన్న బ్యాంకు అట్లా అప్పు ఇస్తదా? మా ఊర్లె గల్ఫ్ పోయేటోడు ఏజెంటుకు కట్టే పైసలు నూటికి మూడు రూపాల మిత్తికి తెస్తడు.

ఇంక భూమి ఈ లెక్కల లేనే లేదు. ఐదు వేల నాలుగు వందల ఎకరాల పైచిలుకు. మామిడిపల్లి, గొల్లపల్లి, శంషాబాద్ చుట్టుముట్టు పల్లెల భూమి. జొన్న పండినదున్నది, మక్క పండినదున్నది, పట్నానికి కూరగాయలు పంపినదున్నది. ప్రజా ప్రయోజనం అని బ్రిటిషోళ్ల కాలం నాటి 1894 చట్టం కింద తీసుకున్నరు. రన్‌వేకు, టెర్మినల్‌కు, రేపటి విస్తరణకు భూమి కావాలె, ఒప్పుకుంటం. కాని ఆ జాగలనే దాదాపు పదిహేను వందల ఎకరాలు వ్యాపార పార్కులకు, హోటళ్లకు, గోదాములకు 'ఏరోసిటీ' పేరు మీద పెట్టుకున్నరు. ఎకరం నష్టపరిహారం తీసుకొని లేచిపోయిన రైతుకు ఆ హోటల్ కిరాయిల వాటా ఉన్నదా? ఆ భూమి కంపెనీకి ఇచ్చింది అమ్మకం కింద కాదు, లీజు కింద. మొదటి కొన్నేండ్లు ఆ లీజుకు కిరాయి కూడ లేదు. ఒప్పందం మొదట ముప్పయ్యేండ్లు, ఇంకో ముప్పయ్యేండ్లు పొడిగించుకోవచ్చని రాసుకున్నరు. 2022ల కేంద్రం పొడిగించింది. ఇప్పుడు గడువు 2068 మార్చి దాక. ఈ సభల ఇరవై యేండ్ల తమ్ముడు ఎవరన్న ఉంటే, ఆ ఒప్పందం ముగిసేనాటికి అరవై దాటుతవు.

కేంద్రానికి ఏం ముడుతది? మొత్తం రాబడిల నాలుగు శాతం. అది కూడ మొదటి పదేండ్లది వెంటనే కట్టనక్కర లేదు, వాయిదా. ఇదే కంపెనీ 2006ల ఢిల్లీ ఎయిర్‌పోర్టు కోసం పోటీ పడి, రాబడిల 45.99 శాతం ఇస్తనని ఒప్పుకున్నది. హైదరాబాద్‌ల 4, ఢిల్లీల దగ్గర దగ్గర 46. న్యాయంగ మాట్లాడాలంటే ఒకటి చెప్పాలె. ఢిల్లీ అప్పటికే జనం కిటకిటలాడే ఎయిర్‌పోర్టు, ఇక్కడ మట్టి నుంచి మొదలుపెట్టాలె. తేడా ఉండాలె. కాని ఇంత తేడా ఉండాల్నా అని అడిగే హక్కు భూమి ఇచ్చినోళ్లకు లేదా?

ఇంకో ముచ్చట. బేగంపేట మూయకుంటే శంషాబాద్ నడువదన్నరు. మూసిన్రు. బేగంపేట, బెంగళూరు పాత ఎయిర్‌పోర్టు మూయొద్దని 2008 మార్చి 12న ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు దేశమంత సమ్మెకు దిగిన్రు. అప్పుడు పేపర్లు ఏం రాసినయి? ప్రయాణికులకు ఇబ్బంది, టాయిలెట్లు కడగలేదు, ట్రాలీలు లేవు. ఉద్యోగులు ఎందుకు కూసున్నరో రాసిన పేపర్లు తక్కువ. ఇక్కడున్న ఉద్యోగులకు నేను చెప్పేదేమున్నది, 2011ల సకల జనుల సమ్మెల నలభై రెండు దినాలు మీరు కూసున్నప్పుడు కూడ మొదటి పేజీల 'జనానికి అవస్థలు' అనే కదా వచ్చింది. ఆ 2008 సమ్మె ఒకటి రెండు దినాలకే ఆగిపోయింది. మార్చి 23న బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు బందు అయినయి.

ఇప్పుడు అసలు గీతకు వస్తున్న. అదే ఒప్పందంల ఒక షరతు ఉన్నది. శంషాబాద్ చుట్టూ గాలిల కొలిచి 150 కిలోమీటర్ల లోపట, ఇరవై ఐదేండ్ల దాక, ఇంకో ఎయిర్‌పోర్టు లేవొద్దు, ఉన్నదాన్ని పెంచొద్దు. అంటే 2033 దాక. పెట్టుబడి పెట్టినోనికి పోటీ ఉండొద్దని రాసుకున్నరు. మ్యాపు తీసుకొని శంషాబాద్ మీద కంపాస్ పెట్టి గుండ్రం గీయున్రి. తెలంగాణల చాన భాగం అందుల పడుతది. వరంగల్ మామునూరు కూడ పడుతది. పడుడు కూడ ఎట్ల? గీత లోపట ఐదారు కిలోమీటర్ల తేడాతోని!

మామునూరు అంటే ఏందో కొత్త పిల్లలకు తెల్వది. 1930ల నాటికే నిజాం సర్కారు కట్టిన విమానాశ్రయం అది. ఒకప్పుడు దాని భూమి 1,875 ఎకరాలు. 1981 దాక విమానాలు దిగినయి. తర్వాత గడ్డి మొలిసింది. భూమి తగ్గుకుంట తగ్గుకుంట ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతుల 696 ఎకరాలు మిగిలింది. వరంగల్ అంటే కాకతీయ యూనివర్సిటీ, ఎన్ఐటీ, మెడికల్ కాలేజీ ఉన్న పట్నం, రాష్ట్రంల హైదరాబాద్ తర్వాత పెద్దది. విశాఖకు, విజయవాడకు, తిరుపతికి, రాజమండ్రికి విమానాలు పోతుంటే వరంగల్‌కు ఎందుకు పోవద్దు? 2014 జూన్ 2న మన రాష్ట్రం వచ్చిననాడు లెక్కబెడితే, ప్రయాణికుల విమానం దిగే జాగ తెలంగాణల ఒక్కటే. ఒక్కటంటే ఒక్కటే. వలస పాలన మనకు మిగిల్చిన లెక్కలల్ల ఇదొకటి.

ఇక్కడ చప్పట్లు కొట్టిన్రు. ఆగున్రి, తర్వాతి మాటకు కొడ్తరో లేదో చూస్త.

2014 తర్వాత పాలించింది ఎవరు? మనోళ్లే. మామునూరు మీద మొదటి పదేండ్లల్ల ఎన్ని హామీలొచ్చినయో నా దగ్గర కత్తిరింపులున్నయి, ఒక పెట్టె నిండుతది. నవంబర్ 2024ల గానీ భూసేకరణకు 205 కోట్లు విడుదల కాలేదు, 280 ఎకరాల కోసం. అదే కాలంల జీఎంఆర్ కంపెనీ ఆ 150 కిలోమీటర్ల షరతును వరంగల్ వరకు వదులుకుంటనని ఒప్పుకున్నది. 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చింది. అడిగితే వదులుకునే షరతును పదేండ్లు గట్టిగ ఎందుకు అడుగలేదు? ఆ కంపెనీ బోర్డుల మన పదమూడు శాతం తరఫున కూసునేటోళ్లున్నరు గదా. వాళ్లు ఏం మాట్లాడిన్రో ఏనాడన్న మనకు చెప్పిన్రా?

ఇంకా ఉన్నది. నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి. మ్యాపు మీద కొలువున్రి, అది ఆ 150 గీత అవతల ఉన్నది. పెద్దపల్లి దగ్గర బసంత్‌నగర్, అది కూడ అవతలనే. అంటే అక్కడ కట్టొద్దని ఏ కంపెనీ కాయితమూ చెప్పలేదు. అయినా కట్టలేదు. గల్ఫ్‌కు పోయేటోళ్లు ఏ జిల్లాల నుంచి పోతున్నరు? నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, కామారెడ్డి. విమానంతోని బతుకు ముడిపడ్డ జనం అక్కడ, విమానం ఇక్కడ. ఎనభైలల్ల మా ఊరోళ్లు బొంబాయి పోయి ఎక్కేటోళ్లు, వారాల తరబడి అక్కడి లాడ్జిలల్ల పడి ఉండి. ఇప్పుడు హైదరాబాద్ దాక వచ్చి ఎక్కుతున్నరు. అంత వరకు మేలే. కాని ఆ నూటతొంభై కిలోమీటర్లు ఒక జీపు కిరాయి, ఒక రాత్రి నిద్ర. పోయేనాడు ఇంటిల్లిపాది ఏడ్చుకుంట ఒకసారి, వచ్చేనాడు ఒకసారి. కొందరికి మూడోసారి, నేను చూసినట్టు.

వీళ్లు ఎయిర్‌పోర్టుకు పైసలు కట్టరా? కడ్తరు. టికెట్టుల కలిపి యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు తీసుకుంటరు, దేశం లోపట తిరిగేటోనికంటే దేశం దాటేటోనికి ఎక్కువ. వ్యాపారం మీద ఢిల్లీ పోయే షావుకారి కంటే దుబాయి పోయే తాపీ మేస్త్రీ ఎక్కువ కడుతున్నడన్న మాట. ఈ ఒక్క ముక్క మీరు ఊర్లల్ల చెప్పున్రి, జనం నమ్మరు.

పేరు మాట కూడ ఒకటున్నది. రాజీవ్‌గాంధీ పేరు మొదటి నుంచి ఉన్నది. 2014 నవంబర్‌ల కేంద్రం దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు పెడితే, మన అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. చేసుడు సరైందే, ఇక్కడి జనాన్ని అడుగకుంట ఢిల్లీల పేరు పెట్టుడేంది? కాని పేరు మీద ఒక దినమంత కొట్లాడిన సభ, ఆ ఎయిర్‌పోర్టు ఒప్పందం మీద ఎన్ని గంటలు మాట్లాడింది అని నాకొక చిన్న దురద.

పోయే దారి సంగతి తొందరగ చెప్పి వదిలేస్త. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాక పదకొండున్నర కిలోమీటర్ల పీవీ వంతెన 2009ల అయ్యింది. కార్లున్నోళ్లకు పండుగ. 2022 డిసెంబర్‌ల రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టుకు 31 కిలోమీటర్ల మెట్రోకు పునాదిరాయి వేసిన్రు. ఏడాది తిరుగక ముందే వచ్చిన కొత్త ప్రభుత్వం దాన్ని ఆపి, దారి మార్చుతమన్నది. అంతవరకు పెట్టె నెత్తిన పెట్టుకున్న గల్ఫ్ కూలీకి బస్సే గతి.

ఇంక మనం చేయాల్సింది ఏముంది? తమ్ముళ్లారా, మామునూరు పనులు ముందటున్నయి. నక్కలపల్లి, గాడిపల్లి, గుంటూరుపల్లి రైతుల భూములు అందుల పోతున్నయి. ఎయిర్‌పోర్టు కావాలని వరంగల్‌ల మనమే ధర్నాలు చేసినం, ఇప్పుడు ఆ రైతు ముందట నిలబడి 'రాష్ట్రం కోసం ఇయ్యి' అనే ముఖం మనకు ఉండాలంటే, మామిడిపల్లి రైతుకు జరిగింది ముందు తెలుసుకోవాలె. శంషాబాద్ ఒప్పందాలు రహస్యం కాదు, ఇంగ్లీషుల ఉన్నయి, లావుగ ఉన్నయి, అంతే. లా చదివే పిల్లలు, కామర్స్ చదివే పిల్లలు ఐదుగురు కూసొని తెలుగుల రాయున్రి. మా పేపరు అచ్చేస్తది. రెవెన్యూ శాఖ అన్నలు మామునూరు 1,875 ఎకరాలల్ల ఏ ఎకరం ఎటు పోయిందో పాత రికార్డులు తీయున్రి. బోర్డుల మన పదమూడు శాతం ఏం మాట్లాడుతున్నదో సమాచార హక్కు కింద నేను అడుగుత. జవాబొస్తే జవాబు, రాకుంటే రాలేదన్న సంగతి, రెండిట్ల ఏదైనా అచ్చు చేస్తం.

పెదనాయన ఇప్పుడు లేడు. ఆయన చిన్నకొడుకు మొన్న దసరాకు ఫోన్ చేసిండు. "అన్నా, వీసా వచ్చింది, మంగళవారం రాత్రి ఫ్లయిట్. శంషాబాద్ దాక వస్తవా?" అన్నడు. పోయిన. ఈసారి ముందటి దర్వాజ కాడనే నిలబడ్డం.

సెలవు. జై తెలంగాణ.